క్యాన్సర్ వార్డులో అందరూ ఐదుకి ఐదు వేస్తున్నారు, ఈ తృప్తిని నమ్మేదెలా?

థీసిస్_సిస్టర్
ఎమ్మెస్సీ నర్సింగ్ ఫైనలియర్, కర్నూలు. వార్డులో చేరిన క్యాన్సర్ రోగులకు నర్సింగ్ సేవల మీద ఎంత తృప్తి ఉందో కొలవడం నా థీసిస్. ఎథిక్స్ కమిటీ పర్మిషన్ వచ్చింది, ప్రశ్నాపత్రం తయారైంది, పైలట్ (కొద్దిమందితో ముందుగా చేసి చూసే పరీక్ష) కూడా అయిపోయింది. ఇబ్బందల్లా ఒకటే. ఇంచుమించు అందరూ ప్రతి ప్రశ్నకూ "చాలా తృప్తి" అనేశారు.

పత్తికొండ వైపు నుంచి కీమో కోసం వచ్చిన ఒకామెను "నొప్పి అని చెప్పగానే నర్సు పట్టించుకుందా?" అని అడిగాను. "బాగా చూసుకున్నారమ్మా, ఐదు వేసుకో" అంది. ఫైలు మూసి బ్యాగులో పెట్టుకున్నాక నా చెయ్యి పట్టుకుని, "రాత్రంతా ఒకటే నొప్పి. మా పాప పోయి పోయి పిలిచింది, ఎవరూ రాలేదు. పాపం వాళ్లు మాత్రం ఎంతమందికని చేస్తారులే" అంది. ఇప్పుడు నా కాగితంలో ఉన్న ఐదుకు అర్థమేంటి?

గైడ్ మేడమేమో "స్కోరు బాగా వచ్చింది, రిలయబిలిటీ కూడా వచ్చింది, మెయిన్ స్టడీకి వెళ్లిపో" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి స్టడీలు చేసినవాళ్లు, వార్డులో ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

హంద్రీ_గట్టు
ఏం వేసుకుని పోయి అడిగారు?

థీసిస్_సిస్టర్
కాలేజీ యూనిఫాం, ఏప్రన్, నేమ్ ప్లేట్. వార్డులోకి వెళ్లాలంటే తప్పనిసరి.

హంద్రీ_గట్టు
ఇంకేముంది. నర్సమ్మ వచ్చి "నర్సమ్మలు ఎట్లా చూస్తున్నారు" అని అడిగితే ఎవరు మాత్రం బాగలేదంటారు?

ఉగ్గాని_బజ్జి
హోటల్ ఓనరే గల్లా దగ్గర నిలబడి "టిఫిన్ ఎట్లుందన్నా" అని అడిగినట్టుంది. నోట్లో మిరపకాయ బజ్జి మంటపుడుతున్నా "సూపర్ అన్నా" అని డబ్బులిచ్చి వచ్చేస్తాం.

ఆదోని_పత్తి
మా నాయనకు నోటి క్యాన్సర్. ఏ ఆస్పత్రి అన్నది వదిలేయండి. డిశ్చార్జి రోజు ఇట్లాంటి కాగితమే ఒకటి ఇచ్చారు. అప్పటికి నా చేతిలో డిశ్చార్జి సమ్మరీ లేదు, ఆరోగ్యశ్రీ కాగితాల మీద సంతకం కాలేదు, ఆదోనికి బస్సు టైమైపోతోంది. టేబుల్ దగ్గర కూర్చున్న సిస్టర్ "ఇది నింపి ఇస్తే అన్నీ కలిపి ఇచ్చేస్తాను" అనింది. నేను చదవకుండానే పైనుంచి కిందిదాకా ఒకే వరసలో టిక్కులు కొట్టి ఇచ్చేసినా. మా నాయనను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఇంకో సంగతి. అప్పటికి కీమో సైకిళ్లు (విడతలు) సగం కూడా కాలేదు. మళ్లీ అదే వార్డుకు రావల్ల, అదే సిస్టరే మా నాయన చేతికి సూది గుచ్చల్ల. ఆ పరిస్థితిలో "బాగలేదు" అని రాసే ధైర్యం ఎవరికుంటుంది? అది తృప్తి కాదు, ముందుజాగ్రత్త.

నైట్‌డ్యూటీ_అక్క
క్యాన్సర్ వార్డులో పనిచేస్తున్న స్టాఫ్ నర్సుని. మీరంతా చెప్పేది నిజమే, కాదనను. మా వైపు సంగతి కూడా వినండి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం టీచింగ్ ఆస్పత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒకరు. దానిమీద సెలవులకని 30 శాతం అదనం. పుస్తకంలో అట్లా ఉంటుంది. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్కరే ఉండే డ్యూటీలు నేను చాలా చేశాను. ఒకరికి రక్తం ఎక్కుతుంటుంది, పదిహేను నిమిషాలకోసారి పల్స్, బీపీ చూడాలి. ఇంకొకరికి వాంతులు. అదే టైమ్‌లో నాలుగో బెడ్ నుంచి "సిస్టరమ్మా, నొప్పి" అని కేక. నొప్పి ఇంజెక్షన్ నేను నా ఇష్టప్రకారం ఇవ్వలేను, ఆర్డర్ కావాలి, డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేయాలి, ఆయన ఇంకో వార్డులో ఉంటారు. పొద్దున ఎవరో వచ్చి "నొప్పి అనగానే నర్సు స్పందించిందా" అని అడుగుతారు. సున్నా వేస్తే ఆ సున్నా నా నెత్తిన పడుతుంది.

ఫ్యాను తిరగలేదు, బాత్రూంలో నీళ్లు లేవు, స్కాన్ డేట్ దొరకలేదు, అప్రూవల్ రాలేదు. ఈ కోపమంతా చివరికి నర్సు గడిలోనే టిక్కు అవుతుంది. ఎందుకంటే ఇరవై నాలుగు గంటలూ వాళ్ల కళ్లకు కనిపించేది మేమే. కొలవండి, వద్దనను. కానీ నర్సు చేయగలిగిందేదో, నర్సు చేతిలో లేనిదేదో వేరు చేసి కొలవండి.

నంద్యాల_చెక్‌పోస్ట్
అక్కా, నువ్వే అసలు మాట చెప్పినావు. ఉండాల్సిన సిస్టర్లు లేరు. ఆ పోస్టులు నింపకుండా తృప్తి కొలిచి ఏం లాభం? ఒక థీసిస్ తయారవుతుంది, లైబ్రరీలో దుమ్ము పడుతుంది.

లెక్కల_మాస్టారు
చెక్‌పోస్ట్ గారూ, లెక్క లేకుండా పోస్టులు అడిగితే ఎవరిస్తారు? "రాత్రి పిలిస్తే అరగంట దాటినా ఎవరూ రాలేదు" అన్నవాళ్లు ఇంతమంది అని చూపిస్తే అది పోస్టులు అడగడానికి పనికొచ్చే కాగితం. "94 శాతం మందికి పరమ తృప్తి" అని చూపిస్తే "బాగానే ఉన్నారు కదా, ఇంకా పోస్టులెందుకు" అంటారు. (94 ఉదాహరణకు వేసిన అంకె, పట్టుకుని వేలాడకండి.) అంటే తప్పుగా కొలిచిన తృప్తి వార్డులో పనిచేసే నర్సుకే నష్టం.

ఇక అమ్మాయి ప్రశ్నకు వస్తాను. నేను స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి, వైద్యం తెలియదు. అందరూ పైగడిలోనే టిక్కు కొట్టడాన్ని సీలింగ్ ఎఫెక్ట్ అంటారు. అట్లాంటి స్కోరుతో మంచి వార్డుకూ చెడ్డ వార్డుకూ తేడా పట్టుకోలేం, నిరుటికీ ఇప్పటికీ మార్పు చూపించలేం.

రిలయబిలిటీ వచ్చిందని మీ గైడ్ అన్నది క్రాన్‌బాక్ ఆల్ఫా గురించే అయ్యుంటుంది, 0.7 దాటితే చాలంటారు. 1951 నుంచి అందరూ దాన్నే లెక్కగడుతున్నారు. అది చెప్పేది ఒక్కటే, ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసిగాయని. ఆదోని తమ్ముడు చదవకుండా ఒకే వరసలో కొట్టాడే, అట్లా ఒకడు అన్నీ ఐదు, ఇంకొకడు అన్నీ నాలుగు కొట్టుకుంటూ పోతే ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. నిజం చెప్పారా లేదా అన్నది ఆల్ఫాకు తెలియదు.

మార్గం ఏమిటంటే, "ఎంత తృప్తి" అని అడగడం తగ్గించి "ఏం జరిగింది" అని అడగండి. అమెరికాలో హెచ్‌క్యాప్స్ అనే సర్వే ఉంది, 2008 నుంచి ఆస్పత్రులవారీగా ఫలితాలు బయటపెడుతున్నారు. అందులో "నర్సులు మీరు చెప్పేది ఎంత తరచుగా శ్రద్ధగా విన్నారు?" అని అడుగుతారు. జవాబులు ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలావరకు, ప్రతిసారీ. పైగా డిశ్చార్జి అయిన 48 గంటల తర్వాత, ఆరు వారాల లోపల అడుగుతారు, మంచం మీద ఉండగా కాదు. ఇంగ్లండులో క్యాన్సర్ రోగులకు ప్రత్యేకంగా ఒక జాతీయ సర్వే 2010 నుంచి నడుస్తోంది, అదీ ఇదే పద్ధతి.

థీసిస్_సిస్టర్
మాస్టారూ, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. గైడ్ మేడంకి చూపించే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.

నైట్‌డ్యూటీ_అక్క
"ఏం జరిగింది" అని అడిగేటట్టయితే నేనే ప్రశ్నలు ఇస్తా, రాసుకో.

ఎర్ర మందు ఎక్కించేటప్పుడు "సూది దగ్గర మంటగానీ వాపుగానీ వస్తే వెంటనే చెప్పు" అని ముందే చెప్పారా? ఆ ఎర్ర మందు, డాక్సోరుబిసిన్, నరం దాటి బయటికి కారితే అక్కడి కండ చచ్చిపోతుంది. ఈ ఒక్క మాట చెప్పడం పూర్తిగా మా చేతిలో పనే, దానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు అని చెప్పారా? చెప్పకపోతే రక్తం పోతోందని ఇల్లంతా ఏడుస్తారు. కీమోకు ముందు వాంతుల మందు పడిందా? నోటిపూత వస్తే ఎట్లా పుక్కిలించాలో చూపించారా? ఇంటికి పోయాక జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే రమ్మని చెప్పారా?

వీటికి "చాలా తృప్తి" అని జవాబు చెప్పలేరు. చెప్పారు, చెప్పలేదు, గుర్తులేదు. అంతే.

ఆదోని_పత్తి
అక్కా, ఆ జ్వరం మాట మాకు ఎవరూ చెప్పలేదు. మూడో సైకిల్ అయినాక నాయనకు రాత్రి జ్వరం వచ్చింది. డోలో ఇచ్చి పడుకోబెట్టినాం. పొద్దున్నే ఆటోలో లోకల్ డాక్టరు దగ్గరికి పోతే తెల్లకణాలు పడిపోయినాయి, వెంటనే కర్నూలుకు తీసుకుపొమ్మన్నాడు. బతికి బయటపడ్డాడు, అది వేరే సంగతి. నేను కొట్టిన టిక్కుల్లో "ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు వివరించారు: చాలా తృప్తి" అని కూడా ఉండే ఉంటుంది.

ఉగ్గాని_బజ్జి
నీ టిక్కులే ఒక కేస్ స్టడీ రా సామీ.

పేపర్ల_పురుగు
కొత్తగా ప్రశ్నాపత్రం కట్టుకునే ముందు ఉన్నవి చూశావా? ఈఓఆర్‌టీసీ (యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ) వాళ్ల ఇన్-ప్యాట్‌శాట్ 32 అనే ప్రశ్నాపత్రం సరిగ్గా ఆస్పత్రిలో చేరిన క్యాన్సర్ రోగుల కోసమే తయారుచేసింది. 32 ప్రశ్నలు. అందులో నర్సుల భాగమే విడిగా ఉంది: పనితనం, మనిషితో మాట్లాడే తీరు, సమాచారం ఇవ్వడం, పిలిస్తే అందుబాటులో ఉండడం. స్కోరు 0 నుంచి 100కి మార్చుకుంటారు. అంతకంటే పాతది 1986 నాటి లా మోనికా-ఓబర్స్ట్ స్కేలు, అదీ క్యాన్సర్ రోగులతోనే తయారైంది. న్యూకాసిల్ స్కేలు 1996ది, ఇందులో అనుభవం ఒక భాగం, తృప్తి ఒక భాగం. మాస్టారు చెప్పిన తేడాకు ఇది బాగా పనికొస్తుంది.

వీటిని వాడాలంటే తయారుచేసినవాళ్ల అనుమతి అడగాలి. చాలామంది అడగరు, తర్వాత జర్నల్‌కు పంపినప్పుడు తెలుస్తుంది.

నైట్‌డ్యూటీ_అక్క
ఆ స్కేళ్లు మంచివే, కానీ అవి తయారైన దేశాల్లో స్నానం చేయించేది, అన్నం తినిపించేది, పక్క మార్చేది నర్సే. మన దగ్గర అవన్నీ చేసేది కూతురో కోడలో పెళ్లామో. "మీ శరీర సౌకర్యం నర్సు చూసుకుందా" అని అడిగితే రోగి తలలో తిరిగేది కూతురి మొహం. దానికి వేసే ఐదు కూతురికి వేసింది.

ఉగ్గాని_బజ్జి
అయితే అటెండెంట్ల తృప్తి కూడా కొలవండి. వరండాలో చాప, మన కర్నూలు దోమలు, పొద్దున సెక్యూరిటీ గార్డు లాఠీతో లేపడం. మైనస్‌లో వేసే గడి కావాలి మాకు.

బుధవారపేట_బాషా
నాది వేరే గొడవ. మా అమ్మీకి క్యాన్సర్ అని ఇప్పటికీ చెప్పలేదు. కడుపులో గడ్డ, మందు ఎక్కిస్తే కరిగిపోతుంది అని చెప్పాం. అన్నదమ్ములందరం కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఒకరోజు నేను టీ కోసం కిందికి పోయినప్పుడు ఒక స్టూడెంట్ అమ్మాయి కాగితం తెచ్చి పైన హెడ్డింగ్ గట్టిగా చదివింది, "క్యాన్సర్ రోగుల తృప్తి" అని. నేను వచ్చేసరికి అమ్మీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "ఆ పిల్ల వేరే మంచానికి రావలసింది, పొరపాటున నీ దగ్గరికి వచ్చింది" అని చెప్పా. నమ్మిందో లేదో అల్లాకే తెలుసు.

ఆ అమ్మాయి మంచిదే, మాతో తెలుగు-ఉర్దూ కలిపి ఓపిగ్గా మాట్లాడింది. కానీ కాగితం తయారుచేసినవాళ్లకు ఈ ఆలోచన రావద్దా?

థీసిస్_సిస్టర్
అన్నా, నా కాగితం మీద కూడా హెడ్డింగ్ అదే. కన్సెంట్ ఫారంలో కూడా ఆ మాట ఉంది, వేలిముద్ర వేయించుకునే ముందు చదివి వినిపించాలి. పైలట్‌లో ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఎంతమంది మొదటిసారి నా నోటే విన్నారో ఇప్పుడు ఆలోచిస్తుంటే టెన్షన్‌గా ఉంది.

హంద్రీ_గట్టు
బాషా భాయ్, కోపం తెచ్చుకోవద్దు. జబ్బు ఆమెది, తెలుసుకునే హక్కు కూడా ఆమెదే. స్టూడెంటును అనడం కాదు, మీరు దాచడమే తప్పేమో?

బుధవారపేట_బాషా
నీ ఇంట్లో వచ్చినప్పుడు చెప్పు భాయ్. మా అమ్మీ చెల్లెలికి ఇదే జబ్బు, పేరు వినగానే తిండి మానేసింది. మేం భయంతో దాచాం, మోసంతో కాదు.

నైట్‌డ్యూటీ_అక్క
ఇద్దరూ ఆగండి. ఇది ఇక్కడ తేలేది కాదు. వార్డులో మేం చేసేది చెప్తా. కొత్త రోగి చేరగానే అటెండెంటును పక్కకు పిలిచి అడుగుతాం: ఆమెకు ఏమని చెప్పారు, ఇంట్లో ఏ మాట వాడుతున్నారు అని. చాలామంది రోగులకు తెలిసే ఉంటుంది, తెలియనట్టు ఉంటారు, పిల్లలు బాధపడతారని. థీసిస్ అమ్మాయీ, నువ్వు కూడా సిస్టర్ ఇన్‌ఛార్జిని అడగకుండా ఏ మంచం దగ్గరికీ పోవద్దు.

లెక్కల_మాస్టారు
పద్ధతి ప్రకారం చూసినా ఇది చిక్కే. జబ్బు పేరు తెలియనివాళ్లను వదిలేస్తే శాంపిల్ ఒకవైపు ఒరుగుతుంది. అట్లా దాచేది ఎక్కువగా ముసలివాళ్లకు, ఆడవాళ్లకు, చదువుకోనివాళ్లకు. వాళ్ల అనుభవం మీ లెక్కలోకి రాదు. కాబట్టి కమిటీకి రాసి హెడ్డింగ్ "వార్డులో నర్సింగ్ సేవల గురించి" అని మార్చుకోండి. వార్డు పేరు ఎట్లాగూ గోడ మీద ఉంటుంది, కాగితం మీద మళ్లీ అక్కర్లేదు.

హంద్రీ_గట్టు
మాస్టారూ, గోడ మీద అంతంత అక్షరాలతో రాసిపెట్టి కాగితం మీద దాచడం కూడా వింతగానే ఉంది. సరే, నేను ఆపేస్తున్నా. బాషా భాయ్, సారీ.

అణా_కాసు
మా అమ్మకు చదువు రాదు. ఆమె ముందు "పూర్తిగా అంగీకరిస్తున్నాను, తటస్థం, విభేదిస్తున్నాను" అని చదివితే "ఏందో చెప్పు నాయనా, నీకేది బాగుంటే అది రాసుకో" అంటుంది. అదే "రూపాయికి ఎన్ని అణాలు బాగుంది" అని అడగండి, టక్కున చెప్తుంది. బియ్యానికీ, వానకూ, అల్లుడికీ అన్నింటికీ అణాలే ఆమెకు. పెద్ద సిస్టరుకు పద్నాలుగు అణాలు, మాత్రలు విసిరేసిపోయే ఒకామెకు ఆరు అణాలు ఇచ్చింది. ఐదు కాకుండా ఏదో ఒకటి వచ్చింది కదా.

లెక్కల_మాస్టారు
ఇది నాకు నచ్చింది! ఈ అంగీకరిస్తున్నాను-విభేదిస్తున్నాను స్కేలు కట్టిన లికర్ట్ 1932లో ఐదు గడులు పెట్టాడు, మీ అమ్మ దగ్గర పదహారు ఉన్నాయి. చిక్కల్లా నలభై లోపు వాళ్లకు అణాలు తెలియవు. ఒకే స్టడీలో రెండు కొలతలు పెట్టలేం. కానీ ముసలివాళ్లను మాట్లాడించడానికి మొదట అణాల్లో అడిగి, తర్వాత గడిలోకి మార్చుకోవచ్చేమో పైలట్‌లో చూడండి.

నైట్‌డ్యూటీ_అక్క
బొమ్మల స్కేలు కూడా మా వార్డులో ఒకసారి వాడారు, నవ్వే మొహం, ఏడ్చే మొహం. ఒక అవ్వ ఏడ్చే బొమ్మను ముట్టుకోనంది, అశుభం అంట.

నంద్యాల_చెక్‌పోస్ట్
ఫోన్లో అడిగేది ఒకటుంది కదా? మా మామను గవర్నమెంట్ ఆస్పత్రి నుంచి తెచ్చినాక కాల్ వచ్చింది.

పేపర్ల_పురుగు
మేరా అస్పతాల్. కేంద్రం 2016లో మొదలుపెట్టింది, మెసేజ్, ఫోన్ కాల్, యాప్, వెబ్‌సైట్ ద్వారా అభిప్రాయం తీసుకుంటుంది. అది మొత్తం ఆస్పత్రి గురించి, నర్సింగ్ లోతుల్లోకి పోదు. ఎన్‌క్యూఏఎస్ (ప్రభుత్వ ఆస్పత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) సర్టిఫికెట్ కోసం కూడా ఆస్పత్రులు రోగుల సంతృప్తి సర్వే చేయాలి. అందుకే డిశ్చార్జి టేబుల్ దగ్గర ఆ కాగితాలు.

నంద్యాల_చెక్‌పోస్ట్
ఆ, అదే. మామ పొలంలో ఉన్నాడు, ఫోన్ నా కొడుకు దగ్గరుంది. వాడు ఏదో నొక్కినాడు. ఏం నొక్కినాడో వాడికే తెలీదు.

థీసిస్_సిస్టర్
డిశ్చార్జి అయ్యాక రెండు వారాలకు ఫోన్ చేసి అడిగితే ఎలా ఉంటుంది? ఇంట్లో ఉంటారు కాబట్టి భయం తగ్గుతుంది కదా.

నైట్‌డ్యూటీ_అక్క
భయం తగ్గుతుంది. కానీ క్యాన్సర్ వార్డు సంగతి మర్చిపోతున్నావు. నువ్వు ఫోన్ చేసేసరికి మనిషి లేకపోవచ్చు. దినకర్మలు జరుగుతున్న ఇంటికి ఫోన్ చేసి "మా సేవలతో మీకు తృప్తేనా" అని అడిగితే ఎట్లా ఉంటుంది? ఫోన్ చేసే ముందు ఓపీ రిజిస్టర్ చూడు, తర్వాతి సైకిల్‌కు వచ్చారో లేదో కనుక్కో. రాకపోతే ఫోన్ చేయొద్దు. వాళ్లు నీ లెక్కలో రాలేదని మాస్టారు అంటారు, అననీ.

లెక్కల_మాస్టారు
అనను తల్లీ.

కల్లూరు_కోడలు
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఇందులో కొడుకులున్నారు, నర్సులున్నారు, మాస్టార్లున్నారు. రోగి ఒక్కరూ లేరు, కాబట్టి నేను రాస్తున్నాను. నాకు రొమ్ము క్యాన్సర్, ఆపరేషన్ అయింది, కీమో, రేడియేషన్ అయిపోయాయి.

నన్నూ ఒకమ్మాయి అడిగింది. "నర్సులు మీతో మర్యాదగా ప్రవర్తించారా" అని. ఏ నర్సు? పగటి డ్యూటీలో ఒక సిస్టర్ ఉండేది. డ్రెస్సింగ్ చేసే ముందు చుట్టుపక్కల మగవాళ్లందరినీ బయటికి పంపి, కర్టెన్ లాగి, అప్పుడే చెయ్యి వేసేది. కర్టెన్ చాలకపోతే దుప్పటి అడ్డం పట్టుకోమని ఆయాకు చెప్పేది. ఆమెకు ఐదు కాదు, యాభై వేస్తాను. ఇంకొకామె పక్క మంచం ఆమె కొడుకు చూస్తుండగానే నైటీ గుండీలు విప్పింది. ఆమెకు సున్నా కూడా వేయను. కాగితంలో "నర్సులు" అని ఒకటే గడి. నేను మూడు వేశాను. ఆ మూడు ఇద్దరిలో ఎవరిదీ కాదు.

ఇంకొకటి. రాత్రి, ఆపరేషన్ గాయం నుంచి నీరు తీసే డ్రెయిన్ పైపు నిండినప్పుడు ఎంతసేపటికి వచ్చారు, సూది ఎన్నిసార్లు గుచ్చారు, ఇవన్నీ నాకు గుర్తులేవు. నొప్పిలో ఉన్నవాళ్లకు టైము తెలియదు. మీరు "ఎన్ని నిమిషాలు" అని అడిగితే ఏదో ఒకటి చెప్తాం. కర్టెన్ లాగారా లేదా అన్నది మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. ఆ ప్రశ్న నాకు ఇచ్చిన కాగితంలో లేదు. మీ కాగితంలో ఉందా చెల్లీ?

థీసిస్_సిస్టర్
అక్కా, "ఏకాంతం పాటించారు" అని ఒక లైను ఉంది. మీరు చెప్పినట్టు లేదు. "డ్రెస్సింగ్ అప్పుడు, బట్టలు మార్చేటప్పుడు చుట్టూ ఉన్న మగవాళ్లను బయటికి పంపారా? ప్రతిసారీ, కొన్నిసార్లు, ఎప్పుడూ లేదు" అని మార్చనా?

కల్లూరు_కోడలు
అట్లా అడిగితే చెప్పగలను.

అణా_కాసు
అమ్మా, మీరు రాసింది ఇక్కడున్న వాటన్నిటికంటే పనికొచ్చేది.

నైట్‌డ్యూటీ_అక్క
నిజం. మా వార్డులో కర్టెన్ రాడ్లే సగం లేవు, అయినా దుప్పటి అడ్డం పెట్టడానికి రాడ్డు అక్కర్లేదు. "నర్సులు" అని ఒక్క గడి పెట్టడం గురించి కూడా అక్క చెప్పింది సరైనదే. కానీ పేర్లు అడగొద్దు థీసిస్ అమ్మాయీ. పేరు అడిగిన మరుక్షణం అది మార్కుల కాగితం అయిపోతుంది, వార్డులో నిన్ను అడుగు పెట్టనివ్వరు. "బాగా చూసుకున్న ఒక సందర్భం చెప్పండి, బాధ కలిగిన ఒక సందర్భం చెప్పండి" అని రెండు ఖాళీలు వదులు.

పేపర్ల_పురుగు
ఆ రెండు ఖాళీలు ఎవరు చదివి కోడ్ చేస్తారు (రకాలుగా విడదీస్తారు)? క్వాంటిటేటివ్, అంటే అంకెలతో చేసే స్టడీ అని పర్మిషన్ తీసుకుని ఉంటుంది. పరిధి పెంచితే ఈ ఏడాది థీసిస్ పూర్తికాదు.

ఆదోని_పత్తి
కాకపోతే వచ్చే ఏడాది ఇస్తుంది, ఏమైంది?

పేపర్ల_పురుగు
ఫీజు నువ్వు కడతావా అన్నా?

థీసిస్_సిస్టర్
గైడ్ మేడంతో ఇవాళ మాట్లాడాను. తిట్టలేదు! "ఉన్న టూల్ (ప్రశ్నాపత్రం) తీసేయకు, పర్మిషన్ దానికే ఉంది. దాని పక్కన జరిగిందా-జరగలేదా ప్రశ్నలు ఒక పేజీ పెట్టుకో" అన్నారు. అక్క చెప్పిన కీమో ప్రశ్నలు, జ్వరం ప్రశ్న, కల్లూరు అక్క ప్రశ్న, రాత్రి పిలిస్తే ఎవరైనా వచ్చారా అన్నది పెడుతున్నాను. నిమిషాలు అడగడం లేదు. ఖాళీ ఒక్కటే, బాధ కలిగిన సందర్భానిది.

అడిగేది నేను కాదు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివే ఫ్రెండ్ ఒప్పుకుంది, మామూలు చుడీదార్‌లో వస్తుంది. మంచం దగ్గర కాకుండా, తర్వాతి సైకిల్‌కు వచ్చినప్పుడు ఓపీ బయట కూర్చోబెట్టి అడుగుతుంది. నడవలేనివాళ్ల సంగతి ఇంకా తేలలేదు.

లెక్కల_మాస్టారు
చాలా మంచిది. ఇక మీ థీసిస్‌లో చూపించాల్సింది తృప్తి శాతం కాదు, రెండు పేజీల మధ్య తేడా. ఒకే మనిషి మొదటి పేజీలో "సమాచారం ఇవ్వడం: చాలా తృప్తి" అని, రెండో పేజీలో "జ్వరం వస్తే రమ్మని చెప్పలేదు" అని అంటే అట్లా పొసగని జవాబుల జంటలు ఎన్నో లెక్కపెట్టండి. అట్లాంటి పట్టిక ఒక్కటి ఉంటే చాలు. ఓపీ బయట అడిగితే తిరిగి వచ్చినవాళ్లే దొరుకుతారు, అది పరిమితుల్లో రాసుకోండి.

హంద్రీ_గట్టు
ఆ ఎంఎస్‌డబ్ల్యూ పిల్లకు ఆటో ఛార్జీలు, టీ, టిఫిన్ ఎవరిస్తారు?

థీసిస్_సిస్టర్
నేనే. ఉగ్గాని ఇప్పిస్తానని ఒప్పందం.

ఉగ్గాని_బజ్జి
నన్ను పిలిచినట్టున్నారు.

బుధవారపేట_బాషా
హెడ్డింగ్ మార్చారా?

థీసిస్_సిస్టర్
మార్చాను అన్నా. కన్సెంట్ ఫారం కూడా మార్చాలి, దానికి కమిటీకి మళ్లీ లెటర్ పెట్టాలి. రేపు రాస్తాను.

నైట్‌డ్యూటీ_అక్క
ఆ లెటర్‌లో "నర్సు యూనిఫాం చూసి రోగులు భయపడుతున్నారు" అని రాయకు. "స్వతంత్ర ఇంటర్వ్యూయర్ ద్వారా సమాచార సేకరణ" అని రాయి. కమిటీ టేబుల్ అవతల ఒక నర్సింగ్ సూపరింటెండెంట్ కూడా కూర్చుని ఉంటారు.